డిశ్చార్జ్ బుక్కులో ఒక లైను

శ్రోతలకు నమస్కారం. మాజీ సైనికులు తమ సర్వీసు రికార్డుల్లో తప్పులు ఎలా దిద్దించుకోవాలో చెప్పమని నన్ను పిలిచారు. ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను మిలిటరీ మనిషిని కాదు. ముప్పై ఏళ్ళు ఒక ఆఫీసులో డిస్పాచ్ సెక్షన్లో కూర్చున్నదాన్ని. వచ్చే ఉత్తరం, పోయే ఉత్తరం, ఇదే నా లోకం. రిటైరయ్యాక కూడా మా అపార్ట్‌మెంట్లో ఎవరికి అర్జీ కావాలన్నా నా తలుపే తడతారు. చిన్నాయన కూడా అలాగే వచ్చాడు.

చిన్నాయన నాకు చుట్టమేమీ కాదు. గిద్దలూరు వైపు మనిషి. ఆ గిద్దలూరు, కంభం ప్రాంతాల నుంచి మిలిటరీలో చేరినవాళ్ళు చాలామంది. గోదావరి వైపు తాడేపల్లిగూడెం దగ్గర మాధవరానికైతే మిలిటరీ మాధవరం అనే పేరే పడిపోయింది. చిన్నాయన కొడుకు ఉద్యోగం బెంగళూరులో. అందుకని కె.ఆర్.పురం దగ్గర మా బ్లాకులోనే, మూడో అంతస్తులో ఉంటారు. ఆయన పేరు చెప్పను, పలటన్ పేరు, అంటే ఆయన పనిచేసిన యూనిట్ పేరు కూడా చెప్పను. రేడియోలో చెప్పొద్దని మాట తీసుకున్నాడు.

సంగతి మొదలైంది జనవరి 26న. జెండా వందనానికి చిన్నాయన కోటు వేసుకుని, ఎడమవైపు మూడు మెడల్స్ పెట్టుకుని దిగాడు. మా బ్లాకులో ఒక రిటైర్డ్ కర్నల్ గారున్నారు, తమిళాయన. మేమంతా మెడల్స్ వైపు చూసి చేతులెత్తి దండం పెట్టి ఊరుకున్నాం. కర్నల్ గారు మాత్రం వాటిని చదివారు. మనం షాపు బోర్డు చదివినట్టు వాళ్ళు రిబ్బన్లు చదువుతారు. "1971లో ఎక్కడున్నారు?" అని హిందీలో అడిగారు. "బాడ్మేర్ సెక్టర్, సాబ్" అన్నాడు చిన్నాయన. రాజస్థాన్ సరిహద్దన్నమాట. "మరి మీ పశ్చిమి స్టార్ ఏది?"

"రాలేదు సాబ్."

యాభై ఏళ్ళు దాటిన సంగతి. ఒక్క మాటలో చెప్పేసి జిలేబీ తినడానికి వెళ్ళిపోయాడు. ఊరుకోనిది ఆయన కొడుకు, నేను.

1971 యుద్ధానికి మెడల్స్ మూడు. తూర్పు వైపు యుద్ధరంగంలో ఉన్నవాళ్ళకు పూర్వీ స్టార్. పశ్చిమం వైపు ఉన్నవాళ్ళకు పశ్చిమి స్టార్. ఇంకా కాస్త విశాలంగా, సరిహద్దు రాష్ట్రాల్లో ఆ కాలంలో పనిచేసినవాళ్ళకు సంగ్రామ్ మెడల్. పశ్చిమాన యుద్ధం డిసెంబర్ 3 సాయంత్రం మొదలై 17తో ఆగింది. ఆ రోజుల్లో అక్కడ ఉన్నావా లేదా అన్నదే లెక్క. వీరచక్ర వేరే సంగతి, అది శౌర్యానికి. దానికి నెలనెలా భత్యం కూడా ఉంటుంది. ఈ స్టార్ హాజరుకు ఇచ్చేది, పైసా రాదు. పైసా రాదు కనుకే ఇళ్ళల్లో పట్టించుకోరు. పింఛనులో వంద రూపాయలు తగ్గితే మర్నాడే బ్యాంకు మెట్లెక్కుతాం. ఇది పోతే పోయిందిలే అనుకుంటాం. ఆ "పోతే పోయిందిలే" నాకు నచ్చదు.

చిన్నాయన దగ్గరున్నవి సంగ్రామ్ మెడల్, స్వాతంత్ర్యం వచ్చి ఇరవై ఐదేళ్ళయిన సందర్భంలో ఇచ్చిన మెడల్, తొమ్మిదేళ్ళ సర్వీసు మెడల్. స్టార్ మాత్రం లేదు. ఎందుకు లేదో తెలుసుకోవాలంటే ఆయన కథ వినాలి. నోరు విప్పించడానికి నాకు మూడు సాయంత్రాలు పట్టింది.

ఆయన 1968లో చేరాడు, డ్రైవరుగా. యుద్ధం నాటికి ఆయన చేతిలో ఉన్నది శక్తిమాన్ లారీ, దాని మీద నీళ్ళ ట్యాంకు. "నేను తుపాకి పేల్చింది లేదు పాపా, నీళ్ళు మోశాను" అంటాడు. బాడ్మేర్ అవతల అంతా ఇసుక. ముందుకెళ్ళిన జవాన్లకు తాగడానికి నీళ్ళు వెనకనుంచి రావాల్సిందే. పగలు తోలితే విమానాల కంట పడతారు. రాత్రి తోలాలి, అదీ హెడ్‌లైట్లు వేయకుండా. ఎలా తోలారు చిన్నాయనా అని అడిగాను. కో డ్రైవరు వీపుకి తెల్ల తువ్వాలు కట్టుకుని లారీ ముందు నడిచేవాడట. ఈయన ఆ తువ్వాలు చూసుకుంటూ తోలేవాడు. తువ్వాలు ఎడమకి తిరిగితే లారీ ఎడమకి. తువ్వాలు ఆగితే లారీ ఆగాలి. రాత్రంతా అంతే.

డిసెంబర్ 12 రాత్రి ఇసుక జారింది. లారీ పక్కకి ఒరిగిపోయింది. ఈయన కాలు స్టీరింగ్ కింద ఇరుక్కుని విరిగింది. ట్యాంకు మూత ఊడి నీళ్ళు పోయాయి. "కాలి నొప్పికి ఏడవలేదు పాపా. నీళ్ళు ఇసుకలోకి ఇంకిపోతా ఉంటే ఏడుపొచ్చింది" అన్నాడు. తెల్లారేసరికి అంబులెన్సులో జోధ్‌పూర్ మిలిటరీ హాస్పిటల్‌కి పోయాడు. మూడు నెలలు మంచం మీదే. లేచాక పాత పలటన్‌కి తిరిగి పంపలేదు, వేరే యూనిట్‌కి పోస్టింగ్ ఇచ్చారు.

తప్పు జరిగింది సరిగ్గా ఇక్కడే. యుద్ధం అయ్యాక ప్రతి యూనిట్ తన మనుషుల పేర్ల జాబితా తయారు చేసింది. నామినల్ రోల్ అంటారు. పాత యూనిట్ జాబితా రాసేనాటికి ఈయన వాళ్ళ లెక్కలో లేడు. కొత్త యూనిట్ ఆ పదిహేను రోజులూ బాడ్మేర్‌లో లేదు, ఈయన ఉన్నాడని వాళ్ళకెవరు చెప్పాలి? వాళ్ళు రాస్తారని వీళ్ళు, వీళ్ళు రాశారని వాళ్ళు. ఇటు రోల్లో లేడు, అటు రోల్లో లేడు. ఇందులో ఎవరి చెడ్డతనమూ లేదు. ఏ ఆఫీసులోనైనా ట్రాన్స్‌ఫర్ మీద వెళ్ళిన మనిషి కాగితం ఇలాగే మధ్యలో ఉండిపోతుంది. నా కళ్ళతో ఎన్ని చూశానో!

చిన్నాయన కొడుకు నాకంటే ముందే ఒక అర్జీ పంపాడు. నాలుగు పేజీలు. ఢిల్లీలో పెద్దవాళ్ళందరికీ కాపీలు. దేశం, త్యాగం, మూడు రంగుల జెండా బొమ్మ, అన్నీ ఉన్నాయి. నీళ్ళ లారీ లేదు. డిసెంబర్ 12 లేదు. హాస్పిటల్ లేదు. ఆఖర్న "మా నాన్నకు మెడల్ ఇప్పించండి" అని ఉంది. రెండు లైన్ల జవాబు వచ్చింది. మీ తండ్రిగారి రికార్డులో పశ్చిమి స్టార్ నమోదు కాలేదు అని. కొడుక్కి ఒళ్ళు మండింది. నాకు మండలేదు. ఆ బల్ల వెనక ముప్పై ఏళ్ళు కూర్చున్నాను కదా. ఆ గుమాస్తా చిన్నాయన సర్వీసు వివరాలుండే షీటు తీశాడు, చూశాడు, లేదు, లేదని రాశాడు. మనం "ఇవ్వండి" అన్నాం, ఆయన "లేదు" అన్నాడు. ఎందుకు లేదో చూడమని మనం అడగనే లేదు.

ఈ పావుగంటలో మీరు ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. మెడల్ అడక్కండి, ఎంట్రీ అడగండి.

మిలిటరీలో ఒక మనిషికి ఏం జరిగినా, పెళ్ళి కానీ, బిడ్డ పుట్టడం కానీ, హాస్పిటల్, ప్రమోషన్, మెడల్ కానీ, యూనిట్ ఒక కాగితం వేస్తుంది. పార్ట్ టూ ఆర్డర్ అంటారు. మాజీ సైనికులు వింటుంటే ఈ పాటికి తల ఊపి ఉంటారు. ఆ ఆర్డర్ చూసే రికార్డ్ ఆఫీసు ఆ మనిషి షీటులో ఎక్కిస్తుంది. ఆర్డర్ పడకపోతే షీటులో ఎక్కదు. షీటులో లేకపోతే, సర్వీసు ముగిశాక చేతికిచ్చే డిశ్చార్జ్ బుక్కులో రాదు. బుక్కులో లేకపోతే మీరు బాడ్మేర్‌లో ఉన్నా లేనట్టే. అందుకే మెడల్ కాదు, ఎంట్రీ. ఎంట్రీ పడితే మెడల్ దానంతటదే వెనకాల వస్తుంది, ఆలస్యంగానైనా.

మెడల్ ముక్క ఒక్కటే కావాలంటే బజార్లో నకళ్ళు దొరుకుతాయి. కొడుకు ఒకటి తెచ్చాడు కూడా. చిన్నాయన దాన్ని తీసుకుని అంచు మీద బొటనవేలు పోనిచ్చి తిరిగి ఇచ్చేశాడు. నాకు అర్థం కాలేదు. తన సంగ్రామ్ మెడల్ తెచ్చి చూపించాడు. దాని అంచు మీద ఆయన నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉన్నాయి. బజారుదానికి అంచు నున్నగా ఉంది.

రెండో అర్జీ నేను రాశాను. ఒక్క పేజీ. మొదటి లైన్లో ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు. పేరు దగ్గర మన తెలుగువాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆధార్‌లో ఉన్నట్టు కాదు, డిశ్చార్జ్ బుక్కులో ఎలా ఉందో అలాగే రాయాలి. మన ఇంటిపేర్లు ఉత్తరాది గుమాస్తాలకు కొరుకుడుపడవు. ఎక్కడో భోరున వర్షంలో భర్తీ ర్యాలీలో నిలబడి చెప్పిన పేరు, విన్నవాడికి ఎలా వినబడితే అలా పడుతుంది. వెంకటేశ్వర్లు గారొకాయన పదిహేనేళ్ళు వెంకటేశ్వర్ లాల్‌గా సర్వీసు చేసి వచ్చాడు!

తరవాత డిసెంబర్ 3 నుంచి 12 దాకా ఏ యూనిట్, ఎక్కడ. 13న ఏ హాస్పిటల్. మార్చిలో ఏ యూనిట్‌కి పోస్టింగ్. ఆఖర్న అభ్యర్థన: పాత యూనిట్ తరఫున పార్ట్ టూ ఆర్డర్ పడిందో లేదో దయచేసి చూడండి, పడకపోతే వేయించి రికార్డు సవరించండి. అంతే. త్యాగం అనే మాట ఎక్కడా రాయలేదు.

మరి రుజువు? ట్రంకు పెట్టె అడుగున హాస్పిటల్ కాగితం దొరికింది, నాలుగు మడతల మీద చిరిగి ఉంది. చేరిన తేదీ, పాత యూనిట్ పేరు, దెబ్బ ఎక్కడ తగిలిందో, మూడూ ఉన్నాయి. పిన్నమ్మ కూడా తన పెట్టె తెరిచి ఒక ఇన్‌లాండ్ లెటర్ తీసింది. డిసెంబర్ 9న రాసింది. "నేను క్షేమం. ఇక్కడ నీళ్ళకు ఇబ్బంది లేదు" అని ఉంది! పైన సీలు మీద తేదీ, ఒక నంబరు, అంతే. ఊరి పేరు లేదు. ఫీల్డ్ పోస్టాఫీసు సీళ్ళు అలాగే ఉంటాయి, యూనిట్ ఎక్కడుందో బయటివాళ్ళకు తెలియకూడదు కదా. జవాబు రాయాలంటే 56 ఏ.పి.ఓ. అని రాయాలి, ఏ.పి.ఓ. అంటే ఆర్మీ పోస్టాఫీసు. పెళ్ళైన కొత్తలో పిన్నమ్మ పోస్ట్‌మ్యాన్‌ని అడిగిందట, "యాభయ్యారు ఏపీవో అంటే ఏ జిల్లా నాయనా?" అని.

రుజువు అనగానే మనం సైన్యం ఫైలు ఒక్కటే అనుకుంటాం. అమెరికాలో 1973 జూలైలో సెయింట్ లూయిస్ దగ్గర మాజీ సైనికుల ఫైళ్ళుండే పెద్ద భవనం తగలబడింది. కోటీ అరవై లక్షల పైచిలుకు ఫైళ్ళు బూడిదయ్యాయి. అయినా వాళ్ళు జీతం కాగితాలు, హాస్పిటల్ కాగితాలు వెతికి రికార్డులు మళ్ళీ కూర్చుకుంటూ వచ్చారు. ఒక ఆఫీసు మరిచిపోయింది ఇంకో ఆఫీసు రాసుకుని ఉంటుంది. చిన్నాయన విషయంలో ఆ ఇంకో ఆఫీసు హాస్పిటల్.

ఎవరికి పంపాలి? జవాన్లకైతే ఎవరి కోర్, ఎవరి రెజిమెంట్ రికార్డ్ ఆఫీసు వాళ్ళకుంటుంది. మన బెంగళూరులోనే కొన్ని ఉన్నాయి. అల్సూరు చెరువు పక్కన ఉండే మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ వాళ్ళది ఇక్కడే. వాయుసేనకు ఢిల్లీలో, నౌకాదళానికి ముంబయిలో. చిన్నాయనది ఎక్కడో ఉత్తరాన ఉంది. అడ్రసు తెలియకపోతే సైనిక సంక్షేమ శాఖ ఆఫీసుకు వెళ్ళండి, వాళ్ళు చెబుతారు, కవరింగ్ లెటర్ పెట్టి పంపుతారు కూడా. ఒరిజినల్ మాత్రం పంపకండి. డిస్పాచ్ మనిషిగా చెబుతున్నా, ఎంత మంచి ఆఫీసైనా సరే, ఒరిజినల్ పంపకండి.

అయిదో నెలలో ఒక ఉత్తరం వచ్చింది, డిశ్చార్జ్ బుక్కు కాపీ అటెస్ట్ చేయించి పంపమని. పంపాం. మధ్యలో కొడుక్కి టెన్షన్, కోర్టుకెళ్దామన్నాడు. సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది నిజమే, 2007 చట్టంతో వచ్చింది. కానీ అవతలివాళ్ళు కాగితం అడుగుతున్నారంటే పని నడుస్తోందని అర్థం. ఆగమన్నాను. పదకొండో నెలలో రెండో ఉత్తరం. ఆర్డర్ పడింది, రికార్డు సవరించాం, మెడల్ స్టాకు వచ్చాక పంపుతాం అని.

చిన్నాయనకు చదివి వినిపించాను. తేదీలు ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. మెల్లగా ఒక నంబరు చెప్పాడు, ఒక్కో అంకె విడదీసి. ఎవరిది చిన్నాయనా అంటే, తువ్వాలు కట్టుకుని ముందు నడిచినవాడిది అన్నాడు. ఆ రాత్రి అతనికి భుజం విరిగి అదే హాస్పిటల్లో చేరాడట, అతన్నీ వేరే యూనిట్‌కే పంపారు. ఇప్పుడు లేడు, భార్య ఉంది. ఊరు కంభం పక్కన అని మాత్రమే ఈయనకు గుర్తు. చనిపోయినవాళ్ళ తరఫున భార్య, పిల్లలు రాసుకోవచ్చు. మొదటి లైను రాసి పెట్టాను. ఆవిడ అడ్రసు కోసం సైనిక సంక్షేమ ఆఫీసుకు నిన్ననే ఉత్తరం వేశాను, స్పీడ్ పోస్టులో.

సెలవు. నమస్కారం.