మూడు సంపుటాలను మూడుగానే చదవడం: దిగంబర కవుల సేకరణ, అధ్యయనం

సభకు నమస్కారం.

1960లలో మారుపేర్లతో మూడు కవితా సంపుటాలు తెచ్చిన ఆరుగురు తెలుగు తిరుగుబాటు కవుల, అంటే దిగంబర కవుల గురించి మాట్లాడమని పిలిచినప్పుడు, వాళ్ల కవిత్వం మీద మాట్లాడగల పెద్దలు మన మధ్య చాలామందే ఉన్నారు కనుక, నేను ఆ కవిత్వం అచ్చయిన పుస్తకాల గురించి మాట్లాడతానని చెప్పి ఒప్పుకున్నాను. పాత పుస్తకాలు ఏరుకోవడం నాకున్న వ్యసనం. దాన్ని అధ్యయనం అనవచ్చో లేదో ఈ ప్రసంగం అయ్యాక మీరే తేల్చండి.

తెలిసిన సంగతులే అయినా ఒకసారి వరుసలో పెట్టుకుందాం. మొదటి సంపుటిని 1965 మే నెలలో హైదరాబాదులో అర్ధరాత్రి వేళ రిక్షా కార్మికుడు నాంపల్లి పాండు ఆవిష్కరించాడు. రెండోది 1966 డిసెంబరులో విజయవాడలో హోటల్ క్లీనర్ జంగాల చిట్టి చేతుల మీదుగా వచ్చింది. మూడోదాన్ని 1968 సెప్టెంబరులో విశాఖపట్నంలో ఒక యాచకురాలు ఆవిష్కరించింది. ఆ తరువాత ఆ పేరుతో ఆ ఆరుగురూ కలిసి మరో సంపుటి తీసుకురాలేదు. మూడున్నరేళ్లు కూడా నిండని ఉద్యమం అది.

ఇప్పుడు మనలో చాలామంది ఈ మూడింటినీ ఒకే అట్ట కింద, ఒకే పుస్తకంగా చదివినవాళ్లమే. ఆ పునర్ముద్రణలు లేకపోతే మన తరానికి ఈ కవిత్వమే దొరికేది కాదు కనుక వాటిని నేను తప్పుపట్టడం లేదు. కాని ఒకే కూర్పులో, ఒకే అక్షరంలో, వరుస పేజీసంఖ్యలతో చదివినప్పుడు మూడు సంపుటాల కోపమూ ఒకే కోపంలా వినిపిస్తుంది. నిజానికి మొదటి సంపుటిలో ఉన్నది ప్రధానంగా రోత: కుళ్లిన విలువల మీద, బూటకపు మర్యాదల మీద, చచ్చుబడిన సాహిత్యం మీద ఒంటరి మనిషికి కలిగిన రోత. మూడో సంపుటికి వచ్చేసరికి ఆ రోతకు ఒక దిక్కు దొరికింది, శత్రువు ఎవరో స్పష్టపడింది. మధ్యలో 1967లో బెంగాల్‌లో నక్సల్బరి రైతుల తిరుగుబాటు జరిగింది, శ్రీకాకుళం కొండల్లో గిరిజనుల పోరాటం వేడెక్కుతోంది, 1968లో కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుణ్ణి సజీవంగా తగలబెట్టారు. ఒక్కో సంపుటినీ విడిగా చేతిలోకి తీసుకుని, అది వచ్చిన నెల నాటి దినపత్రికను పక్కన పెట్టుకుని చదివితే తప్ప ఈ నడక కనపడదు.

నా దగ్గరున్న పాత ప్రతి ఒకటి అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, ఒక ఆదివారం ఉదయం, పోటీ పరీక్షల గైడ్ల అడుగున దొరికింది. కాగితం ఎండుటాకులా అయిపోయింది, మూల మడిస్తే అక్కడికక్కడే విరుగుతుంది. లోపల ఒక పేజీలో ఎవరో పాఠకుడు ఒక మాట కింద పెన్సిలుతో గట్టిగా గీత గీసి, పక్కన "ఛీ" అని రాశాడు. దాని కిందనే నీలిసిరాతో, వేరే దస్తూరీలో, "కాని నిజం" అని ఉంది. ఒకే ఇంట్లో తండ్రీకొడుకులో, ఒకే హాస్టలు గదిలో ఇద్దరు మిత్రులో తెలియదు. ఆ కవిత్వాన్ని జనం ఎలా అందుకున్నారో ఈ మూడు మాటలు చెప్పినంతగా నాకు ఏ సమీక్షా చెప్పలేదు.

ఈ పుస్తకాలతో గ్రంథాలయాలకు ఒక విచిత్రమైన ఇబ్బంది ఉంది. దిగంబరులు తమ కవితలను దిక్‌లన్నారు. కాలాన్ని కూడా తామే కొత్తగా లెక్కపెట్టుకున్నారు. నగ్ననామ సంవత్సరం అన్నారు. ఆశ, తపన, అశ్రు, మదిర, విరహ, విషాద అని ఆరు ఋతువులు పెట్టుకున్నారు. వారాల పేర్లు కూడా మార్చారు. నేను చూసిన ఒక పాత గ్రంథాలయం రిజిస్టరులో ఈ పుస్తకానికి ఎదురుగా సంవత్సరం గడి ఖాళీగా ఉంది. ఆ గుమాస్తాను చూసి మొదట నవ్వుకున్నాను, తరువాత ఆలోచిస్తే కవులు కోరుకున్నది ఆ గడి ఖాళీగా ఉండటమే కదా అనిపించింది.

మారుపేర్ల సంగతి ఇంకా లోతైనది. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న. అసలు పేర్లు చూడండి: చెరబండరాజు బద్దం భాస్కరరెడ్డి, జ్వాలాముఖి వీరరాఘవాచార్యులు, నిఖిలేశ్వర్ యాదవరెడ్డి, మహాస్వప్న కమ్మిశెట్టి వెంకటేశ్వరరావు, నగ్నముని మానేపల్లి హృషీకేశవరావు, భైరవయ్య మన్మోహన్ సహాయ్. పేరు వినగానే చాలా చోట్ల కులం పలికే ఆ పేర్లను తుడిచేసుకోవడం వాళ్ల మొదటి రచన అని నా అభిప్రాయం. అందుకే సూచికలో మారుపేరే ప్రధానంగా ఉండాలి, అసలు పేరు దగ్గర "ఫలానా చోట చూడండి" అని ఒక గుర్తు ఉంటే చాలు.

వీళ్లు మర్యాదస్తుల విలువలను ధిక్కరించిన అమెరికా బీట్ కవులకు, అలాంటి తిరుగుబాటు కవుల బృందమే అయిన బెంగాల్ హంగ్రీ తరానికి నకళ్లని అప్పట్లోనే ఒక విమర్శ ఉండేది. బీట్ కవి అలెన్ గిన్స్‌బర్గ్ 1962, 63లలో కలకత్తాలోనూ కాశీలోనూ ఉన్నాడు. హంగ్రీ కవి మలయ్ రాయ్ చౌధురిని 1964 సెప్టెంబరులో అశ్లీలత నేరం మీద అరెస్టు చేశారు. అది జరిగిన ఎనిమిది నెలలకు మన మొదటి సంపుటి వచ్చింది. గాలి అటునుంచి వీచిందని ఒప్పుకోవడంలో చిన్నతనం లేదు, కాని అర్ధరాత్రి రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరణ చేయించడం ఏ కవి నుంచి అరువు తెచ్చుకున్నారో నకలు అన్నవాళ్లే చూపించాలి. ఆ కవులకూ మనవాళ్లకూ అసలు తేడా భద్రపరచడంలో ఉంది. గిన్స్‌బర్గ్ తన కాగితాలన్నీ దాచుకున్నాడు, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 1994లో వాటిని కొనుక్కుంది. మరో బీట్ రచయిత జాక్ కెరువాక్ తన నవలను 1951లో టైపు చేసిన నూట ఇరవై అడుగుల కాగితపు చుట్ట 2001లో వేలంలో 24 లక్షల డాలర్లు దాటి పలికింది. మనవాళ్ల చేతిరాతలు పోలీసు సోదాలను దాటి, అద్దె ఇళ్ల మార్పులను దాటి, చెదలను దాటి మిగలాలి. 1970 జూలైలో విప్లవ రచయితల సంఘం ఏర్పడినప్పుడు నలుగురు అందులోకి వెళ్లారు, మహాస్వప్న, భైరవయ్య బయటే ఉండిపోయారు. మరుసటి ఏడు జ్వాలాముఖి, నిఖిలేశ్వర్, చెరబండరాజు పి.డి. చట్టం, అంటే ముందస్తు నిర్బంధ చట్టం కింద జైలుకు వెళ్లారు. అలాంటి బతుకుల్లో కాగితాలు దాచుకునే తీరిక ఎవరికుంటుంది?

సేకరణ అంటే అభిమానుల సేకరణ మాత్రమే కాకూడదు. వాళ్లను తిట్టిన సమీక్షలు, వరంగల్లు నుంచి వాళ్లకు ఎదురు నిలిచిన చేతనావర్తనం అనే కవుల బృందం వారి మాటలు కూడా అదే పెట్టెలో ఉండాలి. ఆరుగురిలో ఒక్క స్త్రీ కూడా లేదు. సమాజపు కుళ్లును చెప్పడానికి స్త్రీ శరీరాన్ని తిట్టుగా వాడిన పంక్తులు ఈ కవిత్వంలో తక్కువేమీ కాదు. ఆ రోజుల్లో అశ్లీలం అన్నవాళ్లు గొడవపడింది మర్యాద కోసం. ఈ రోజు మన అభ్యంతరం వేరు, దాన్ని మొహమాటం లేకుండా రాయాలి.

చివరగా ఒక విన్నపం. మీ ఇళ్లలో ఈ సంపుటాల తొలి ముద్రణలు గాని, ఆవిష్కరణ సభల కరపత్రాలు గాని ఉంటే దయచేసి బైండింగ్ చేయించకండి. బైండరు అంచులు సమంగా కోస్తాడు, దానితో మార్జిన్‌లోని "ఛీ" పోతుంది. పాత అట్ట తీసి పారేస్తాడు, దానితో వెల, ముద్రణాలయం పేరు పోతాయి. పలుచని గుడ్డలో చుట్టి, తేమ తగలని బీరువా అరలో పడుకోబెట్టి ఉంచండి. కబురు పెడితే నేనే కెమెరా పట్టుకుని మీ ఇంటికి వస్తాను. పుస్తకం మీ దగ్గరే ఉంటుంది.