మా రూటు బూరె గీసింది: మెల్‌బోర్న్ నుంచి రోబ్ దాకా కారవాన్‌లో

నమస్కారం అందరికీ. ఈ వీడియోలో వెనక నుంచి వినిపిస్తున్న గురక మా ఆయనది కాదు, బూరెది. బూరె మా కుక్క. దాని తల్లి కెల్పీ, అంటే ఇక్కడి పొలాల్లో గొర్రెల మందలను తోలే జాతి. ఇది మాత్రం ఐదేళ్లుగా మా సోఫాకు కాపలా కాస్తోంది. నవంబరు చివర్లో కారుకు కారవాన్, అంటే చక్రాల మీది చిన్న ఇల్లు, తగిలించుకుని ముగ్గురం సముద్రం వెంబడి దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రంలోని రోబ్‌కు బయలుదేరాం. డిసెంబరులో బడులకు సెలవులిచ్చాక చాలా కారవాన్ పార్కులు కుక్కలను రానివ్వవు, అందుకే ఆ తొందర.

మెల్‌బోర్న్ నుంచి పడమరకు వెళ్లామనగానే ఎవరైనా అడిగేది "ట్వెల్వ్ అపోసిల్స్ చూశారా?" అనే. చూడలేదు. ఆ రాతి స్తంభాలున్నది పోర్ట్ క్యాంప్‌బెల్ జాతీయ ఉద్యానవనంలో. అక్కడ కుక్కలకు ప్రవేశం లేదు. ఎండలో కారులో వదిలి వెళితే దాని ప్రాణం మీదికి వస్తుంది. వంతులవారీగా వెళ్లి చూడవచ్చు కానీ, అది యాత్రలా కాక ఆసుపత్రి డ్యూటీలా ఉంటుంది. అందుకని లోపలి దారి పట్టి కోలాక్, క్యాంపర్‌డౌన్ మీదుగా వెళ్లాం. ఒకప్పుడు అగ్నిపర్వతాలు పొంగిన నేల ఇది. ఆ నల్లరాళ్లనే సున్నం, సిమెంటు ఏమీ లేకుండా పేర్చి కట్టిన పొలం గోడలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. ఎదురొచ్చే ప్రతి డ్రైవరూ స్టీరింగు మీద నుంచి ఒక్క వేలు ఎత్తి పలకరిస్తాడు. మా ఆయన మొదట్లో చెయ్యంతా ఊపేవారు. రెండో రోజుకు వేలితో సరిపెట్టడం వచ్చింది. కారవాన్‌ను వెనక్కి నడపడం మాత్రం ఇంకా రాలేదు. కారవాన్ ఎడమకు తిరగాలంటే స్టీరింగు కుడికి తిప్పాలి. ఈ ఒక్క విషయం మీద మా ఇద్దరికీ జరిగిన సంభాషణలన్నీ వీడియోలో కత్తిరించేశాను.

వార్నంబూల్‌లో బూరెకు దాని జాతి గొప్పతనం చూపించాలనిపించింది. ఒడ్డుకు కూతవేటు దూరంలో మిడిల్ ఐలాండ్ అని ఒక చిన్న రాతి దిబ్బ ఉంది. అక్కడ మోకాలి ఎత్తు కూడా ఉండని బుల్లి పెంగ్విన్లు గూళ్లు పెట్టుకుంటాయి. ఆటుపోటు తగ్గినప్పుడు నక్కలు ఆ కాస్త నీళ్లు దాటి వెళ్లి వాటిని చంపేసేవి. వందల్లో ఉండే పెంగ్విన్లు 2005 నాటికి పది కూడా మిగల్లేదట. అప్పుడు కోళ్లు పెంచే ఒక రైతు ఆలోచనతో 2006లో మరెమ్మా జాతి కాపలా కుక్కలను ఆ దిబ్బ మీద ఉంచారు. ఆ కుక్కల వాసన తగిలితే చాలు, నక్కలు అటు రావడం మానేశాయి. పెంగ్విన్లు మళ్లీ పెరిగాయి. ఇదంతా గట్టు మీద నిలబడి బూరెకు వివరంగా చెప్పాను. అది మాత్రం ఒక సీగల్‌ను చూసి నా కాళ్ల వెనక్కి చేరింది.

పోర్ట్‌ల్యాండ్ దాటాక అడవి దారి. నక్కల కోసం 1080 అనే విషపు ఎర పెట్టామని అక్కడక్కడా బోర్డులు కనిపిస్తాయి. అది కుక్క నోట్లో పడితే ఇక చేసేదేమీ ఉండదు. కాబట్టి మూత్రానికి దింపినా పట్టీ చేతిలోనే. సాయంత్రం నెల్సన్ చేరాం. గ్లెనెల్గ్ నది సముద్రంలో కలిసే చోట ఉన్న చిన్న ఊరు, మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో ఇదే చివరిది. అక్కడ గుర్తొచ్చింది, ఫ్రిజ్‌లో రెండు కిలోల టమాటాలు, గుప్పెడు పచ్చిమిరపకాయలు ఉన్నాయని. పంటను పాడుచేసే పండు ఈగ రాకుండా దక్షిణ ఆస్ట్రేలియా వాళ్లు పళ్లు, టమాటాలు, మిరపకాయలు సరిహద్దు దాటనివ్వరు. వండినవైతే అభ్యంతరం లేదు. మరి పారేస్తామా! ఇంగువ వేసి పచ్చడి పెట్టాను. కిటికీలన్నీ తీసినా మిరపకాయల ఘాటుకు బూరె పదకొండుసార్లు తుమ్మింది, లెక్కపెట్టాం. పక్క కారవాన్‌లోని డెబ్బయ్యేళ్ల దంపతులు కూడా తుమ్ముతూ వచ్చి, ఏం వండుతున్నారని అడిగారు. బ్రెడ్డు మీద రాసి ఇచ్చాం. పెద్దాయన కళ్లలో నీళ్లు తిరుగుతుండగా రెండో ముక్క కూడా అడిగాడు. చిన్న సీసాలో కొంచెం పోసి ఇచ్చాను.

మౌంట్ గ్యాంబియర్‌లోని బ్లూ లేక్ చలికాలమంతా ఉక్కు రంగులో ఉండి నవంబరులో నీలం తిరుగుతుంది. నేను చెప్పను, మీరే చూడండి, ఈ రంగులో కెమెరా ప్రమేయమేమీ లేదు. ఊరికి తాగునీరు కూడా ఇదే. బూరె గిన్నెలో పోస్తే నీలంగా లేవు, అది వేరే సంగతి. సరిహద్దు దాటగానే గడియారం అరగంట వెనక్కి వెళుతుంది. దీనివల్ల ఇండియాకు, మాకు తేడా ఈ కాలంలో సరిగ్గా ఐదు గంటలు. ఆ అరగంట కూడికలు లేకుండా అమ్మకు ఫోను చేయడం ఎంత హాయో మెల్‌బోర్న్‌లో ఉండేవాళ్లకే తెలుస్తుంది.

చివరికి రోబ్. ఇప్పుడు చేపల పడవలు, ఐస్‌క్రీమ్ దుకాణాలు. కానీ విక్టోరియా ప్రభుత్వం 1855లో ఓడ దిగే ఒక్కో చైనీయుడి మీద 10 పౌన్ల పన్ను వేసినప్పుడు, అది తప్పించుకోవడానికి ఓడలు సరిహద్దు ఇవతల ఇక్కడే మనుషులను దింపాయి. 1857లోనూ ఆ తర్వాతా 16,000 మందికి పైగా ఈ ఇసుక మీద దిగి, బాలరాట్, బెండిగో బంగారు గనులకు వందల కిలోమీటర్లు నడిచి వెళ్లారు. అంత దూరం ఫ్రిజ్, గ్యాస్ పొయ్యి, కుక్క పరుపుతో సహా వచ్చి మేం నడుం నొప్పి అనుకున్నాం.

లాంగ్ బీచ్ 17 కిలోమీటర్ల పొడవు. కార్లు కూడా ఇసుక మీదే తిరుగుతాయి. బూరెను వదిలేద్దామనుకున్నాం కానీ, ఈ కాలంలో హుడెడ్ ప్లోవర్ అనే చిన్న పిట్ట అలల గీతకు కాస్త పైన ఉత్త ఇసుకలోనే గుడ్లు పెడుతుంది. కాలి కింద పడినా తెలియదు. అందుకే పట్టీ వదలకుండా తడి ఇసుక వెంబడే నడిపించాం.

తిరిగి వచ్చేసరికి మా కారవాన్ మెట్టు మీద నా పచ్చడి సీసా ఉంది. నెల్సన్‌లో కలిసిన దంపతులు కూడా అదే పార్కులో దిగారట. సీసా శుభ్రంగా కడిగారు. గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని వాళ్లకు ఎవరు చెప్పారో తెలియదు, అందులో నిండా కుక్క బిస్కెట్లు ఉన్నాయి. బూరె అప్పటికే మూత నాకుతోంది.