కంబాలకొండ పక్కన 40 దాటొద్దు

శ్రోతలకు నమస్కారం.

విశాఖపట్నంలో హనుమంతవాక దాటి మధురవాడ వైపు వెళ్తుంటే హైవే పక్కనే కంబాలకొండ అభయారణ్యం. దాదాపు 70 చదరపు కిలోమీటర్ల అడవి. చుక్కల దుప్పులు, నక్కలు, పునుగుపిల్లులు, చిరుతలు ఉండే చోటు. పొద్దువాలగానే ఇవి మేతకూ నీళ్లకూ కదులుతాయి. సరిగ్గా అప్పుడే మనమూ ఇళ్లకు పరుగెడతాం.

80 వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. జంతువు కనబడి, కాలు బ్రేకు మీదికి చేరేందుకు ఒకటిన్నర సెకను. అప్పటికే 33 మీటర్లు అయిపోయాయి. బ్రేకు పట్టి బండి ఆగడానికి పొడి రోడ్డు మీద ఇంకో 35. మొత్తం 68 మీటర్లు. డిమ్ లైటులో మనకు స్పష్టంగా కనిపించేది సుమారు 50 మీటర్లే! అంటే చూసే సమయానికే చేయి దాటిపోయింది. అదే 40లో వెళ్తే 25 మీటర్లలో ఆగొచ్చు. వానరోజున ఇంకా తగ్గించండి.

ఎదుట బండి లేనప్పుడు హైబీమ్ వేసుకోండి. దూరాన రెండు కళ్లు మెరిశాయా, వెంటనే డిమ్ చేసి నెమ్మదించండి. ఆ వెలుగుకు కళ్లు చెదిరి దుప్పి కదలకుండా నిలబడిపోతుంది. హారన్ కొట్టి తరిమితే ఏ వైపు దూకుతుందో చెప్పలేం. ఒకటి దాటింది కదా అని గేరు మార్చకండి, వెనక ఇంకోటి రావచ్చు.

అలుగు సంగతి మరీ బాధాకరం. ప్రమాదమనిపిస్తే పారిపోదు, పెంకుల బంతిలా చుట్టుకుంటుంది. పులి పళ్లకు లొంగని ఆ పెంకు లారీ టైరు కింద ఏం ఆగుతుంది? కట్లపాము, రక్తపింజరి రాత్రిపూట తారు వెచ్చదనానికి రోడ్డెక్కుతాయి. కర్రముక్కలా కనబడినా పక్కకు తప్పించండి, కానీ స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పొద్దు.

కారు కిటికీలోంచి తిండి పొట్లాలు విసరకండి. వాటికోసం ఎలుకలు, కోతులు వస్తాయి, ఎలుకల వెంట పాములు. కల్వర్టుల్లో చెత్త నిండినా అంతే. కింద దారి మూసుకుపోయిన ముంగిస పైనుంచే దాటుతుంది.

దెబ్బతిన్న జంతువు కనిపిస్తే బండి పక్కకు తీసి నాలుగు ఇండికేటర్లూ వెలిగించండి. నీళ్లు తాగించొద్దు, ముట్టుకోవద్దు, చుట్టూ మూగొద్దు. చనిపోయినా సరే, మాంసానికి తీసుకెళ్లడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. 112కు గానీ, హైవే మీదైతే 1033కు గానీ ఫోన్ చేయండి. దగ్గరి కిలోమీటరు రాయి మీది అంకె, మధురవాడ వైపు వెళ్లే లేన్‌లోనా, నగరం వైపు వెళ్లే లేన్‌లోనా, జంతువు ఊపిరి పీలుస్తోందా, ఈ మూడూ ముందే చెప్పండి.