కారు సీటుకి ఆముదం రాస్తే ఏమవుతుంది? లెదర్ కండిషనర్ ఎలా ఎంచుకోవాలి?

[తెర మీద: పాత కిర్రు చెప్పుల జత, పక్కన ఆముదం సీసా]

మా తాతయ్యకి ఒక జత కిర్రు చెప్పులుండేవి. వానలు మొదలవ్వకముందే వాటికి ఆముదం పట్టించి, చూరు కింద నీడలో పెట్టేవాడు. తెల్లారేసరికి పైన చుక్క నూనె కనిపించేది కాదు. తోలు మొత్తం తాగేసేది. అది చూస్తూ పెరిగినవాణ్ణి. మరి లెదర్ సీట్లున్న సెకండ్ హ్యాండ్ కారు కొన్నప్పుడు నేను చేసిన మొదటి పని ఏంటో మీరు ఈపాటికి ఊహించే ఉంటారు.

శనివారం రాత్రి సీట్లన్నిటికీ ఆముదం పట్టించాను. ఆదివారం పొద్దున పెళ్లికి బయల్దేరాం. మా మామయ్య తెల్ల పంచె కట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. కల్యాణ మండపం దగ్గర ఆయన దిగాక వెనకనుంచి చూసినవాళ్లెవరూ నవ్వలేదు. మా మామయ్య సంగతి అందరికీ తెలుసు.

చెప్పు తాగిన నూనెని సీటు ఎందుకు తాగలేదు? దీనికి జవాబు తెలిస్తే షాపులో ఏ కండిషనర్ సీసా, అంటే తోలు సీటుకి రాసే క్రీమ్, తీసుకోవాలో సగం తేలిపోయినట్టే.

[తెర మీద: తోలు అడ్డకోత బొమ్మ. కింద పీచు, మధ్యలో రంగు, పైన సన్నటి పొర]

ఆ చెప్పుల తోలు లందలో తంగేడు చెక్క నీళ్లలో ఊరి తయారైంది. పైన ఏ పూతా లేదు. నూనె నేరుగా పీచులోకి దిగుతుంది. కారు సీటు తోలు కథ వేరు. ఫ్యాక్టరీలో క్రోమియం లవణాలతోనో, క్రోమియం లేని వేరే రసాయనాలతోనో పదును చేస్తారు. పీచుకి కావలసిన నూనె అప్పుడే ఎక్కిస్తారు. సీటు మెత్తగా ఉండేది దానివల్లే. ఆ తర్వాత పైన రంగు వేసి, దాని మీద పాలీయురేథేన్ పూత వేస్తారు. యూరప్ ప్రమాణాల్లో ఈ పూతలకి 0.15 మిల్లీమీటర్ల హద్దు ఉంది. అది దాటితే ఊరికే 'లెదర్' అని పేరు పెట్టి అమ్మడానికి లేదు. పూత ఎంత పల్చనైనా, మీ ఒంటికి తగిలేది అదే.

నేను రాసిన ఆముదం ఆ పూత మీదే ఆగిపోయింది. దాన్ని తాగింది మామయ్య పంచె.

అందుకే సీసా మీద 'తోలుకి పోషణ' అని రాసి ఉంటే నాకు నవ్వొస్తుంది. పూత బాగున్న సీటుకి లోపలికి పోయే పోషణ దాదాపు లేదు. కుట్ల దగ్గర, చిల్లుల దగ్గర, పూత అరిగిన చోట కాస్త దిగుతుందేమో, అంతే. మిగతా చోట్ల కండిషనర్ చేసే పని పైపైనే. రాపిడి తగ్గిస్తుంది, కిర్రు చప్పుడు తగ్గిస్తుంది, మరక వెంటనే పట్టుకోకుండా చూస్తుంది. ఇది చిన్న ఉపయోగం కాదు. కానీ లేబుల్ చెప్పుకున్నంతా కాదు.

[తెర మీద: సీటు వెనక వైపు కింద, ఒక నీటి చుక్క]

ఇప్పుడు మీ సీటు ఏ రకమో చూద్దాం. కనపడని చోట ఒక నీటి చుక్క వేసి ఒక నిమిషం ఆగండి. చుక్క ముత్యంలా నిలబడితే అది పూత ఉన్న సీటు. లోపలికి దిగి అక్కడ నల్లబడితే అది పూత లేని ఆనిలిన్ తోలు. కార్లలో ఇది అరుదు, చాలా ఖరీదైన బళ్లలోనే ఉంటుంది. కండిషనర్ నిజంగా అవసరమయ్యేది దానికే. దాని మీద ఏది రాసినా రంగు మారే ప్రమాదం ఉంది కాబట్టి, ఆనిలిన్ కోసమే తయారైనది కొనండి.

చుక్క నిలబడింది కదా అని అది తోలే అనుకోకండి. అసలు మీది తోలేనా? మన దగ్గర 'లెదర్ సీట్లు' అని మురిసిపోయే కార్లలో చాలా వాటికి ఉండేది లెదరెట్, అంటే బట్ట మీద పీవీసీ (ఒక రకం ప్లాస్టిక్) గానీ పీయూ (పాలీయురేథేన్) గానీ పూసిన సరుకు. మెర్సిడెస్ వాళ్ల ఆర్టికో, బీఎండబ్ల్యూ వాళ్ల సెన్సాటెక్ కూడా కృత్రిమమే. ఆటోనగర్‌లో కుట్టించుకున్న కవర్లయితే, అక్కడ 'నప్పా' (మెత్తటి తోలుకి వాడే పేరు) అన్నంత మాత్రాన తోలు అయిపోదు. సీటు అడుగున కోసిన అంచు వెతకండి. బట్ట నేత కనిపిస్తే లెదరెట్, గజిబిజి పీచు కనిపిస్తే తోలు. ఇంకో తిరకాసు: కూర్చునే భాగం మాత్రమే తోలుతో చేసి, పక్కలూ వెనకా వినైల్ (అదే పీవీసీ) వేసే కంపెనీలూ ఉన్నాయి. కాబట్టి ఒకే చోట చూసి తేల్చేయకండి.

లెదరెట్ అయితే లెదర్ కండిషనర్‌కి డబ్బు పెట్టకండి. పీవీసీని మెత్తగా ఉంచే రసాయనం వేడికి మెల్లగా ఆవిరైపోతుంది. అద్దం లోపలివైపు జిడ్డు పొర పట్టడానికి ఒక కారణం అదే. పీయూ ఏమో తేమకి విడిపోయి పొట్టు రాలుతుంది. విశాఖ లాంటి చోట్ల సోఫాలు, హ్యాండ్‌బ్యాగులు అలా పొరలు పొరలుగా ఊడటం చూసే ఉంటారు. ఆ రెండు జబ్బులకీ కండిషనర్ మందు కాదు. తడి గుడ్డతో తుడవండి, ఎండ తగలకుండా చూడండి.

[తెర మీద: ఎండలో నిలిపిన కారు, అద్దం మీద సన్‌షేడ్]

ఎండ అన్నాను కాబట్టి ఒక లెక్క. 2018లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, అరిజోనాలో 38 డిగ్రీలు దాటిన రోజుల్లో గంటసేపు ఎండలో ఉంచిన కార్లను కొలిచారు. సీటు సగటున 51 డిగ్రీలు, డ్యాష్‌బోర్డు 69. మన రామగుండం, రెంటచింతల ఎండలు మీకు తెలియనివి కావు. నన్నడిగితే కండిషనర్ కంటే ముందు సన్‌షేడ్ కొనండి.

ఎండ తర్వాత సీటుకి అసలు శత్రువులు మనమే. చెమట, తలకి రాసుకున్న కొబ్బరినూనె, కొత్త జీన్స్ రంగు, శానిటైజర్. ఆల్కహాల్ పూతని మెత్తబరుస్తుంది. కోవిడ్ రోజుల్లో సీట్ల మీద కూడా స్ప్రే కొట్టినవాళ్లకి తర్వాత ఆ మచ్చలే మిగిలాయి. ఈ మురికి మీద కండిషనర్ రాయడం అంటే స్నానం చేయకుండా పౌడర్ కొట్టుకోవడమే. ముందు శుభ్రం చేయాలి. తోలు కొంచెం ఆమ్ల గుణంతో ఉంటుంది. బట్టల సోడా, గిన్నెల సబ్బు, అమ్మోనియా ఉన్న క్లీనర్లు దానికి పడవు. లెదర్ క్లీనర్ నురుగు, మెత్తటి బ్రష్, మైక్రోఫైబర్ గుడ్డ చాలు.

[తెర మీద: సీసా వెనక లేబుల్]

ఇక సీసా. బ్రాండ్ పేర్లు చెప్పను, వెనక లేబుల్ చూద్దాం. 'వాటర్ బేస్డ్', 'మ్యాట్ ఫినిష్', 'నాన్ గ్రీజీ' అని ఉంటే చేతిలోకి తీసుకోండి. 'హై గ్లాస్', అంటే బాగా మెరిపించేది, అని ఉంటే అక్కడే పెట్టేయండి. అసలు తోలు సీటు మెరవదు. మెరుస్తోందంటే జిడ్డు పట్టిందని అర్థం. సిలికోన్ ఉన్నవి మొదటి రోజు బాగానే కనిపిస్తాయి, కానీ సీటు జారుతుంది. రేపు ఎప్పుడైనా సీటుకి మళ్లీ రంగు వేయించాలంటే ఆ రంగు సరిగ్గా పట్టదు. పశువుల కాళ్ల నుంచి తీసే నీట్స్‌ఫుట్ ఆయిల్, మింక్ అనే జంతువు కొవ్వుతో చేసే మింక్ ఆయిల్ మంచివే, కాకపోతే గుర్రపు జీనుకి, బూట్లకి. ఆలివ్ ఆయిల్‌లో వెనిగర్ కలిపి రాయమనే వీడియోలు చూశాను. ఆ నూనె ఎండకి ముక్కిపోయి కారంతా వాసన కొడుతుంది.

రాయడం పెద్ద పనేం కాదు. నీడలో, సీటు చల్లబడ్డాక, కనపడని చోట కొంచెం రాసి చూడండి. బాగుంటే గుడ్డ మీద రూపాయి బిళ్లంత వేసుకుని పల్చగా రుద్దండి. చిల్లులున్న సీట్ల మీద నేరుగా పోయకండి, లోపల గాలి కొట్టే ఫ్యాన్ ఉంటే దానికి దిగుతుంది. అరగంట ఆగి పొడి గుడ్డతో మిగిలింది తుడిచేయండి. గుడ్డకి జిడ్డు అంటుకుంటే ఎక్కువ రాశారన్నమాట. నెలకోసారి శుభ్రం, మూడు నాలుగు నెలలకోసారి కండిషనర్ సరిపోతుంది.

మీరు దిగుతూ రోజూ ఒరుసుకునే డ్రైవర్ సీటు కుడి అంచు ముందుగా అరుగుతుంది. అక్కడ ముడతలైతే పర్వాలేదు. పూత పగిలి బీటలొస్తే మాత్రం కండిషనర్ ఆ బీటని పూడ్చదు. ఫిల్లర్ పెట్టి రంగు వేసేవాళ్ల దగ్గరికి వెళ్లాలి. అది కూడా బీట చిన్నగా ఉన్నప్పుడే వెళ్తే ఖర్చు తగ్గుతుంది.

[తెర మీద: స్టీరింగ్ చుట్టూ ఉన్న తోలు, పిండిన తడి గుడ్డ]

చాలామంది అడిగే చివరి ప్రశ్న: స్టీరింగ్‌కి రాయొచ్చా? వద్దు. చేతి చెమటా నూనె ఇప్పటికే దాని మీద ఉన్నాయి. పైన ఇంకేం రాసినా మలుపులో పట్టు జారుతుంది. పిండిన తడి గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో ఒత్తండి.