టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా? బత్తాయి తోటకు ఏ గడ్డి మిషన్ కొనాలె?

అందరికీ నమస్తే. ఈ ఫోర్ స్ట్రోక్ బ్రష్ కట్టర్‌ను, అంటే భుజానికి తగిలించుకొని గడ్డి కోసే మిషన్‌ను, కంపెనీవాళ్లే ఫ్రీగ పంపిండ్రు, నాకు పైసలేం ఇయ్యలే. ముందే చెప్తున్న. సీసీ, బ్లేడ్ సైజు అవన్నీ పక్కకు పెడుత. నేను ఇంజన్ ముచ్చటే చెప్త.

మాది నల్లగొండ దిక్కు, బత్తాయి తోట. వానలు పడ్డయంటే గరిక, తుంగ, వయ్యారిభామ నడుముల దాక లేస్తయి. ఇన్నేండ్లు టూ స్ట్రోక్‌తోనే కోసినం. బలమున్న మిషనే, కాదనను. క్రాంక్ (ఇంజన్ లోపల తిరిగే ఇరుసు) ఒక్క చుట్టు తిరిగితే పెట్రోల్ ఒకసారి మండుతది, ఫోర్ స్ట్రోక్‌ల రెండు చుట్లకు ఒకసారి. అందుకే టూ స్ట్రోక్ అంత తేలికగ ఉండి కూడ రేస్ ఇయ్యంగనే లేస్తది.

కని దాని ఆయిల్ పంచాయితీతోనే నాకు ఇసుగొచ్చింది. ఆ ఇంజన్ల ఆయిల్‌కు వేరే జాగ లేదు. పెట్రోల్‌ల మనం కలిపిందే పిస్టన్‌కు, బేరింగులకు అందుతది. ఒక మిషన్‌కు లీటరుకు 40 మిల్లీలీటర్లు, ఇంకోదానికి 20. ఎక్కువైతే పొగ, ప్లగ్గుకు మసి. అసలే కలపకపోతే పిస్టన్ గీసుకపోయి పట్టేస్తది. మన ఊళ్లల్ల మిషన్ ఒక్కరి చేతుల ఉంటదా? బాబాయి కొడుకు అడుగుతడు, పక్క చేను పెద్దాయన అడుగుతడు. కూలికొచ్చినాయన బండిల పోసినట్టే ఉత్త పెట్రోల్ పోస్తడు. ఆయనకు ఎవరూ చెప్పలేదాయె! మా పాత మిషన్ పిస్టన్, సిలిండర్ గట్లనే పోయినయి.

ఈ ఫోర్ స్ట్రోక్‌ల ఆ బాధ లేదు. ట్యాంకుల ఉత్త పెట్రోలే. ఆయిల్ కింద వేరేగ ఉంటది, ఈ సైజు ఇంజన్లకు 100 మిల్లీలీటర్ల అటిటు. పొగ మొఖానికి కొట్టదు, సప్పుడు కూడ తక్కువ. గట్టు మీద వంచితే ఆయిల్ అందుతదా అని మస్తుమంది అడుగుతున్నరు. హోండా జీఎక్స్35 లాంటి ఇంజన్లను ఎటు వంచినా నడిచేతట్టే చేసిండ్రు. అన్నీ అట్ల ఉండవు, కొనేటప్పుడు షాపుల అడిగి తీసుకోండి.

బరువు మాత్రం ఎక్కువనే, బెల్టు సక్కగ లేకుంటే భుజం గుంజుతది. కొత్తల 10 గంటలు నడవంగనే ఆయిల్ మార్చాలె, స్టార్ట్ చేసేముందు లెవల్ చూడాలె.

ఇంకోటి, ఇథనాల్ కలిసిన పెట్రోల్ తేమను గుంజుకుంటది. సీజన్ అయినంక ఏ మిషనైనా ట్యాంక్ ఖాళీ చేసి, ఇంజన్ దానంతటదే ఆగేదాక నడిపి పక్కకు పెట్టుండ్రి. లేకుంటే కార్బొరేటర్ జామ్ అయితది.

మిషన్ మీ ఒక్కరి చేతులనే ఉంటదా, ఆయిల్ కొలిచి కలిపే ఓపిక ఉందా, టూ స్ట్రోక్ తీసుకోండి, పైసలు మిగుల్తయి. నలుగురు వాడే తోటకు మాత్రం ఫోర్ స్ట్రోకే. ఇది ఫ్రీగ రాకున్నా ఈసారి నేను కొనేది ఫోర్ స్ట్రోకే.