సీసా తెచ్చిచ్చింది ఎవరు?

అందరికీ నమస్కారం. పిల్లలకు మందు అందకుండా ఏం చేస్తున్నారో ఎస్ఐ గారు ఇప్పుడే చెప్పి కూర్చున్నారు. వైన్ షాపుల వాళ్లను పిలిపించి మాట్లాడారంట, 21 ఏళ్లు నిండనివాళ్లకు అమ్మం అని బోర్డులు పెట్టించారంట, డ్రోన్ ఎగరేసి మన కర్నూల్లో హంద్రీ ఒడ్డున, కేసీ కాలువ గట్టున గుంపులుగా కూర్చున్నవాళ్లను లేపి పంపిస్తున్నారంట. మంచిదే. నేను లాయర్ని, డ్రోన్ సంగతి నాకు తెలియదు. పట్టుకున్న తర్వాత ఏమవుతుందో మాత్రం తెలుసు. చాలాసార్లు ఏమీ అవ్వదు. ఎందుకు అవ్వదో చెప్పడానికే వచ్చాను, ఎవరైనా నొచ్చుకుంటే నొచ్చుకోండి.

ఇంటర్ చదివే పిల్లోడు కౌంటర్ దగ్గరికి పోడు. కొందరు పోతారు, మీసం వచ్చిన ధైర్యంతో, షాపులో సేల్స్‌మన్ కూడా తల ఎత్తి చూడకుండా ఇచ్చేస్తాడు, అది వేరే విషయం. ఎక్కువ మంది మాత్రం షాపుకు ఇరవై అడుగుల దూరంలో బైక్ ఆపుకుని నిలబడతారు, లోపలికి పోతున్న ఎవరో ఒక అన్నను పట్టుకుని డబ్బులిస్తారు, ఆ అన్న తనకో క్వార్టర్, వీళ్లకు రెండు బీర్లు తెచ్చిస్తాడు, మిగిలిన చిల్లర తనే ఉంచుకుంటాడు. లేదంటే హాస్టల్లో సీనియర్, మేనమామ కొడుకు, పెళ్లిలో చిన్నాన్న. బోర్డు పెట్టిన షాపు యజమానికి ఇందులో ఒక్క రూపాయి నష్టం లేదు, ఎందుకంటే ఆయన అమ్మింది పెద్దవాడికే కదా.

ఆ తెచ్చిచ్చిన అన్న సంగతి మన ఊళ్లో ఎవరూ మాట్లాడరు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలో, అంటే బాలల న్యాయ చట్టంలో, 77వ సెక్షన్ అని ఒకటి ఉంది. 18 నిండని పిల్లలకు మందు గానీ, మత్తు పదార్థం గానీ, పొగాకు గానీ ఇచ్చినా, ఇప్పించినా ఏడేళ్ల దాకా కఠిన జైలు శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా. డాక్టర్ రాసిస్తే తప్ప మినహాయింపు లేదు. లైసెన్స్ ఉన్న షాపువాడే ఇవ్వాలని అందులో లేదు. ఎవరిచ్చినా అంతే. "మా తమ్ముడే కదా సార్, పుట్టినరోజు కదా సార్" అంటే చట్టం వినదు. గంజాయి అంటే ఉలిక్కిపడి మత్తు పదార్థాల ఫిర్యాదు నంబర్ 1972కు ఫోన్ చేస్తాం, బీరు అనేసరికి ఈ వయసులో మామూలేలే అంటాం. ఈ సెక్షన్‌లో మాత్రం ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

మరి కేసులు ఎందుకు నిలబడవు? సీసా ఎవరిచ్చారో చెప్పాల్సింది పిల్లోడు. చెప్పనివ్వనిది మనం. స్టేషన్ నుంచి ఫోన్ రాగానే నాన్న ఒక కౌన్సిలర్‌నో, తెలిసిన కానిస్టేబుల్‌నో వెంటబెట్టుకుని పోతాడు, "సార్, మావాడి పేరు రాయొద్దు, రేపు ఉద్యోగానికి అడ్డమొస్తుంది, పాస్‌పోర్ట్ రాదు" అని బతిమాలతాడు, ఎస్ఐ గారు కూడా పోనీలే అని రెండు మాటలు చెప్పి పంపించేస్తారు. అక్కడితో తెచ్చిచ్చినవాడు కూడా బయటపడతాడు, మరుసటి శనివారం అదే షాపు ముందు ఇంకొకరి పిల్లోడికి తెచ్చిస్తాడు.

అయ్యా, ఆ భయానికి చట్టంలో ఆధారమే లేదు. 77 కింద మీ పిల్లోడు ముద్దాయి కాదు, ఆయన బాధితుడు, సాక్షి. అదే చట్టంలో 74వ సెక్షన్ ప్రకారం ఆ పిల్లోడి పేరు, ఫోటో, బడి పేరు, ఊరు, ఏదీ పేపర్లో గానీ టీవీలో గానీ సోషల్ మీడియాలో గానీ రాకూడదు. వేస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇది పోలీసులకు కూడా చెబుతున్నాను, డ్రోన్ వీడియోలో పిల్లల మొహాలు కనబడేలా వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడం ఆపండి. ఆ వీడియో చూసిన తల్లి రేపు నోరు విప్పుతుందా?

పోలీసుల వైపు కూడా ఒక చిక్కు ఉంది, నిజం చెప్పాలి. ఈ చట్టంలో మూడు నుంచి ఏడేళ్ల శిక్ష పడే నేరాలను 2021 సవరణలో నాన్ కాగ్నిజబుల్ చేశారు. అంటే మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా ఎస్ఐ దర్యాప్తు మొదలుపెట్టలేరు, వారెంట్ లేకుండా అరెస్ట్ చేయలేరు. పిల్లలకు మందు పోసినవాడికి ఏడేళ్లు అని ఒక చేత్తో రాసి, ఇంకో చేత్తో పోలీసు కాళ్లు కట్టేసినట్టు ఉంది, నాకైతే ఇది అస్సలు నచ్చలేదు. కాబట్టి స్టేషన్‌లో నోటిమాటగా చెప్పి వస్తే సరిపోదు, రాసి ఇవ్వాలి. ఎస్ఐ గారు ఆ కాగితం పట్టుకునే కోర్టుకు పోవాలి. దాంతోపాటు పిల్లోడి పదో తరగతి మార్కుల మెమో జత చేయండి. వయసుకు మొదట చూసేది బడి సర్టిఫికెట్‌నే, ఆధార్‌లో పుట్టిన తేదీ ఖాయమైన రుజువు కాదని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. షాపులోనే అమ్మి ఉంటే కాపీ ఒకటి ఎక్సైజ్ స్టేషన్‌కు ఇవ్వండి, లైసెన్స్ వ్యవహారం వాళ్ల చేతిలో ఉంటుంది. పిల్లోడికి సాయం కావాలంటే చైల్డ్‌లైన్ 1098కు ఫోన్ చేయండి.

ఇక మన జిల్లాకే ప్రత్యేకమైనది ఇంకొకటి. పడమటి మండలాల్లో, కోసిగి, మంత్రాలయం, హొళగుంద వైపు, అవతల కర్ణాటక. అక్కడి టెట్రా ప్యాకెట్ల మందు ఇటు వస్తుందని ఇక్కడ తెలియనివాళ్లు లేరు. పత్తి, మిరప కోతలకని అమ్మానాన్న గుంటూరు వైపు పోతే పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉంటారు. అలాంటి పిల్లోడికి బైక్ ఇచ్చి, రాత్రికి ఇంత అని చేతిలో పెట్టి, సంచి మోయిస్తే అది 78వ సెక్షన్, దానికీ ఏడేళ్లు, లక్ష. మోయించినవాడికి, మోసిన పిల్లోడికి కాదు. "పోయి తాతకు క్వార్టర్ పట్రా" అని బెల్టు షాపుకు మనవడిని పంపే ఇళ్లు కూడా ఉన్నాయి. తాతను జైల్లో పెట్టమని నేను అనను గానీ, పదేళ్ల పిల్లోడికి బ్రాండ్ల పేర్లు నోటికి రావడం ఎక్కడ మొదలైందని అడిగితే మాత్రం అక్కడే.

అమెరికాలో కూడా తాగే వయసు 21, 1984 చట్టం తర్వాత అన్ని రాష్ట్రాలూ ఆ దారికి వచ్చాయి. అక్కడి స్థానిక పోలీసులు చేసే పని ఒకటి నాకు నచ్చింది. 21 నిండని కుర్రవాడినే షాపుకు పంపుతారు, అమ్మితే వెంటనే కేసు. ఇక్కడ చేయొచ్చా అని ఎస్ఐ గారు అడిగారు. నా అభిప్రాయం, 18 నిండనివాళ్లను పంపితే మనమే జువెనైల్ జస్టిస్ చట్టంలో ఇరుక్కుంటాం, కానీ 18 దాటి 21 లోపు ఉన్న డిగ్రీ కుర్రవాళ్లు ఇష్టపడి వస్తే, ఎక్సైజ్ అధికారి పక్కన ఉంటే, అడిగి చూడటానికి అడ్డేముంది? బోర్డు పెట్టించడం కన్నా ఇది గట్టి పని.

రెండు బీర్లకే ఇంత రాద్ధాంతమా అని వెనక ఎవరో అంటున్నారు. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున చిన్నటేకూరు దగ్గర బస్సు కాలిపోయింది, 19 మంది ప్రయాణికులు పోయారు. అంతకుముందే ఒక బైక్ డివైడర్‌ను కొట్టి రోడ్డు మీద పడింది, బస్సు దాని మీదికి ఎక్కింది; ఆ బైక్ కుర్రవాడు తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ వాళ్లు తేల్చారు. ఆ కుర్రవాడు మైనర్ కాదు, అది దాచను. కానీ ఆ రోడ్డు మీదే మన పదిహేడేళ్ల పిల్లలు నాన్న బండి వేసుకుని పోతున్నారు. మైనర్ అలా బండి నడిపితే నాన్నకు 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు ఉందని ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. ముగ్గురు. సరే.

ఒక అక్క చీటీ పంపారు, "మా అబ్బాయికి 19, వాడికి ఎవరైనా మందు ఇప్పిస్తే?" అని. 18 దాటింది కాబట్టి 77 వర్తించదమ్మా. షాపువాడు నేరుగా అమ్మితే మాత్రం ఎక్సైజ్ చట్టం ప్రకారం తప్పే, 1968 నాటి చట్టమే, 21 నిండాల్సిందే. ఏ షాపు, ఏ తేదీ, ఎన్ని గంటలకు అని రాసుకుని రండి, అర్జీ నేను రాసిపెడతాను.