నోట్లో తెల్లమచ్చకూ ఒక పద్దు

సభలోని పెద్దలకు, వైద్య విద్యార్థులకు, పనులు మానుకొని వచ్చిన ఆశా కార్యకర్తలకు నమస్కారం.

నేను వైద్యుణ్ణి కాను. హన్మకొండలో అర్థశాస్త్రం పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. అందుచేత క్యాన్సర్‌ను గురించి కంటే, దానికోసం ఖర్చయ్యే డబ్బును గురించే మాట్లాడతాను. రోగం రాకుండా చూసుకోవడానికి ఎంత, వచ్చిన రోగాన్ని నయం చేసే మందు కనుక్కోవడానికి ఎంత అన్న ప్రశ్నను సాధారణంగా ఉన్న సొమ్మును రెండు వాటాలు వేసే ప్రశ్నగా అడుగుతారు. మా శాస్త్రంలో దాన్ని వేరే విధంగా అడుగుతాం: ఇకమీదట వచ్చే రూపాయిని ఎక్కడ పెడితే ఎక్కువ ప్రాణాలు నిలుస్తాయి?

మందు కోసం వెతకడం దండగ అనేవారితో నేను ఏకీభవించను. భీమవరంలో పుట్టి అమెరికాలో పనిచేసిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం ఫోలిక్ ఆమ్లం మీద పరిశోధన చేస్తూ, దానికి విరుగుడుగా పనిచేసే అమినోప్టెరిన్‌ను తయారు చేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్‌తో ఉన్న పిల్లలకు ఇచ్చి, కొన్నాళ్లపాటైనా రోగం వెనక్కు తగ్గిందని 1948లో ప్రకటించారు. ఆ పిల్లలు బీడీ తాగినవాళ్లూ కారు, గుట్కా నమిలినవాళ్లూ కారు. వాళ్లకు మాన్పించడానికి ఏ అలవాటూ లేదు. మందు ఒక్కటే దారి.

అంతేకాదు, నివారణ కూడా చాలాసార్లు ప్రయోగశాలలోనే పుడుతుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు హెచ్‌పీవీ అనే వైరస్ కారణమని నిరూపించినందుకే హరాల్డ్ జుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ సంగతి తేలకుండా టీకా రాదు. కాలేయ క్యాన్సర్‌కు దారితీసే హెపటైటిస్ బి వైరస్‌కు 1997లో శాంతా బయోటెక్నిక్స్ మన హైదరాబాదులోనే టీకా తయారు చేసింది. పరిశోధనకు కోత పెట్టి ఆ సొమ్మును ప్రచారానికి ఇమ్మనడం విత్తనపు వడ్లు దంచుకొని తినడమే అవుతుంది.

అయితే ఉత్తర తెలంగాణలో పరిస్థితి వేరు. ఇక్కడ మనకు కొదవ జ్ఞానానిది కాదు. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ వైద్యులు సుమారు లక్షన్నర మంది మహిళలపై ఒక అధ్యయనం చేశారు. వైద్యులు కాని, కొద్ది వారాల శిక్షణ మాత్రమే పొందిన మహిళలు, వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లాన్నే గర్భాశయ ముఖద్వారానికి పలచగా పూసి, ఎక్కడైనా తెల్లబడిందేమోనని కంటితో చూసి పరీక్ష చేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని 2013లో తేలింది. పోలిక కోసం కొందరు మహిళలకు పరీక్ష చేయకుండా ఉంచడంపై విమర్శలు వచ్చాయి. అవి న్యాయమైనవేనని నా అభిప్రాయం. తిరువనంతపురంలో నోటిని కంటితో పరీక్షించినప్పుడు పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో ప్రచురితమైంది. నోటి క్యాన్సర్‌కు ముందు సూచన కాగల తెల్లమచ్చను నోట్లో చూడటానికి కావలసింది ఒక టార్చి లైటు, చూడటం నేర్చిన కన్ను.

మరి ఎందుకు జరగడం లేదు? వరంగల్‌లో సెంట్రల్ జైలును కూల్చిన స్థలంలో లేచిన 24 అంతస్తుల దవాఖాన భవనం బస్సులో పోయేవాళ్లకు కూడా కనిపిస్తుంది. ములుగు వైపు ఒక ఏఎన్ఎం ఒక రైతు నోట్లో మచ్చను గుర్తించి, అతనిచేత అంబర్ అనే నమిలే పొగాకు మాన్పిస్తే అది ఎవరికీ కనిపించదు. తాను ఏం తప్పించుకున్నాడో ఆ రైతుకే తెలియదు. శంకుస్థాపన ఫలకం లేని పనికి బడ్జెట్‌లో గొంతు ఉండదు.

దొరికిన ప్రతి పరీక్షకూ డబ్బు పోయమని నేను చెప్పడం లేదు. దక్షిణ కొరియాలో థైరాయిడ్‌ను విచ్చలవిడిగా స్కాన్ చేసినప్పుడు 1993 నుంచి 2011 లోపు కేసులు పదిహేను రెట్లయ్యాయి, మరణాలు మాత్రం తగ్గలేదు. ఇంకో మాట: మచ్చ కనిపించిందని చెప్పి, ముక్క తీసి పరీక్ష చేయించుకోవడానికి ఆ మనిషిని హైదరాబాదు రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ దవాఖానకు పొమ్మంటే, అతనికి పోయేది బస్సు చార్జీ ఒక్కటే కాదు, రెండు మూడు రోజుల కూలి కూడా. ఆ కూలిని లెక్కలోకి తీసుకోని నివారణ పథకం కాగితం మీదే ఉంటుంది.

డబ్బు ఎక్కడి నుంచి అంటారా? అడవుల్లో తునికాకు కోసేవాళ్లూ మనవాళ్లే, నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ ఇళ్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లూ మనవాళ్లే. బీడీ కార్మికులకు ప్రభుత్వం పింఛను ఇస్తోంది, ఇవ్వాలి కూడా. బీడీ తాగినవాళ్ల చికిత్సకు ఆరోగ్యశ్రీ కింద చెల్లించేదీ ప్రభుత్వమే. మరోవైపు 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి బీడీల మీద పన్నును 28 నుంచి 18 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది. పొగాకు పన్నులో ఒక వాటాను విడిగా తీసిపెట్టి, సగం నోటి పరీక్షలకు, సగం బీడీ కార్మికులకు వేరే పని చూపడానికి వాడాలన్నది నా ప్రతిపాదన. రెండో సగం లేకుండా మొదటి సగం అడగడానికి నాకు నోరు రాదు.

టీకా విషయంలో మనకు పక్క జిల్లా పాఠం ఒకటుంది. 2009లో ఖమ్మంలో వేలమంది బాలికలకు హెచ్‌పీవీ టీకా వేశారు. తల్లిదండ్రులకు బదులు చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010లో కార్యక్రమం ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ చెప్పినా, అనుమతి తీసుకున్న తీరును పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో తీవ్రంగా తప్పుబట్టింది. ఆదా అయింది ఊరూరా కూర్చొని చెప్పడానికి అయ్యే ఖర్చు. పోయింది తల్లుల నమ్మకం. 2022లో పుణెలోని సీరం సంస్థ తయారుచేసిన టీకాకు అనుమతి వచ్చి, ధర అందుబాటులోకి దిగినా, ఆ పోయినది సీసాలో దొరకదు.

ఇక్కడికి వచ్చే ముందు ఒక ఆశా కార్యకర్త నన్ను అడిగింది: "సార్, టార్చి లైటు బ్యాటరీల బిల్లు ఏ పద్దు కింద రాయాలె?" అర్థశాస్త్రం చదివిన నాకు జవాబు తట్టలేదు. ఆమె మూడో వరుసలో కూర్చుంది. వేదిక మీద ఉన్న అధికారులు తమ వంతు వచ్చినప్పుడు ముందుగా ఆమెకు జవాబు చెప్పాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.